గడువు నుంచి వెనక్కి: షెడ్యూల్ టెంప్లేట్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే చిక్కు గురించి. చివరి తేదీ ఖాయం, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో షీటే చెప్పాలి. సూత్రాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో అచ్చు వేస్తున్నాం. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ కొట్టేటప్పుడు ఫంక్షన్ పేర్లు, గడుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ప్రశ్న: మాది చిన్న ప్రచురణ సంస్థ. జనవరి మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి ప్రతి ఏడూ నాలుగైదు కొత్త పుస్తకాలు తెస్తాం. ఒక్కో పుస్తకానికి ఎక్సెల్‌లో తేదీలు చేత్తో వేసుకుంటాం. ప్రెస్ వాళ్లు ఒక్క తేదీ మార్చినా పై నుంచి కింది దాకా మళ్లీ దిద్దుకోవాల్సి వస్తోంది. గడువు ఒక్కటి వేస్తే మిగతావన్నీ వాటంతటవే వచ్చేలా చేయడం ఎలాగండీ?
– ఒక ప్రచురణకర్త, ఏలూరు రోడ్డు, విజయవాడ

జవాబు: ముందు ఒక నియమం పెట్టుకోండి. ఫైల్ మొత్తంలో చేత్తో కొట్టే తేదీ గడువు ఒక్కటే. సెలవుల పట్టీ వేరే సంగతి. పనుల మధ్యలో ఎవరైనా ‘ఇది 15 కదా’ అని ఒక తేదీ కొట్టారంటే గొలుసు అక్కడ తెగినట్టే. గడువు మారినా ఆ గడి కదలదు, కదలలేదన్న సంగతి ఎవరి కంటా పడదు. అందుకే సూత్రాలున్న గడుల్ని ‘ప్రొటెక్ట్ షీట్’ పెట్టి మూసేయడం మంచిది.

ఫైల్‌లో మూడు షీట్లు చాలు. ‘వివరాలు’లో గడువు, పేజీల సంఖ్య, కాపీల సంఖ్య, పని వేగాలు. ‘సెలవులు’లో ఒకే కాలమ్‌లో తేదీలు. మూడోది ‘పనులు’. అందులో ఎ కాలమ్‌లో పని సంఖ్య, బి లో పేరు, సి లోనూ డి లోనూ ఈ పని పూర్తయ్యాక మొదలవ్వాల్సిన పనుల సంఖ్యలు (చాలావాటికి ఒకటే ఉంటుంది, అప్పుడు డి ఖాళీ), ఇ లో ఎన్ని రోజులు, ఎఫ్ లో మొదలు, జి లో ముగింపు. పనుల్ని జరిగే వరుసలోనే పై నుంచి కిందికి రాయండి. నాలుగో వరుస తలకట్టు, ఐదు నుంచి పనులు, అట్టడుగు వరుస స్టాల్‌కి అందజేత. ఆ అట్టడుగు వరుస 40 అనుకుందాం. సూత్రాలు మూడే.

అందజేత ముగింపు, జి40 గడిలో:
=వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(గడువు+1, -1, 11, సెలవులు)

మొదలు, ఎఫ్ కాలమ్ అంతటా:
=వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(జి5+1, -ఇ5, 11, సెలవులు)

ముగింపు, జి కాలమ్‌లో మిగతా వరుసలకి:
=వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(మిన్(వీలుకప్(సి5, ఎ6:ఎఫ్$40, 6, 0), ఇఫ్(డి5="", 99999, వీలుకప్(డి5, ఎ6:ఎఫ్$40, 6, 0))), -1, 11, సెలవులు)

ఇందులో 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవు అని అర్థం. ఏమీ వేయకపోతే ఎక్సెల్ శని, ఆదివారాలు రెండూ సెలవు అనుకుంటుంది. మన ప్రెస్సులకి అది కుదరదు. గడువు, సెలవులు అన్నచోట మీరు ఆ గడికీ, ఆ పట్టీకీ పెట్టుకున్న పేర్లు వస్తాయి.

మొదలు సూత్రంలో +1 ఎందుకంటే, ఈ ఫంక్షన్ ఇచ్చిన తేదీని లెక్కలోకి తీసుకోదు, దాని ముందు రోజు నుంచి లెక్కపెడుతుంది. డిసెంబరు 18న ముగిసే నాలుగు రోజుల పనికి నేరుగా 18 ఇస్తే మొదలు 14 అని వస్తుంది, అంటే అయిదు రోజులు. +1 వేస్తే 15 వస్తుంది, అదే సరి. ప్రతి పనికీ ఒక రోజు అదనంగా చేరితే పదిహేను పనుల పుస్తకంలో పదిహేను రోజులు ఊరికే పోతాయి. ‘షీట్ ఎప్పుడూ మరీ ముందే మొదలుపెట్టమంటుంది’ అని జనం దాన్ని పక్కన పడేయడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇక ముగింపు సూత్రంలో వెతికే పరిధి ఎ6 నుంచి, అంటే తన కింది వరుస నుంచే మొదలవ్వడం చూడండి. మొత్తం కాలమ్ ఇస్తే ఆ గడి తిరిగి తిరిగి తన మీదే ఆధారపడుతుంది, ఎక్సెల్ ‘సర్క్యులర్ రిఫరెన్స్’ అని మొరాయిస్తుంది. అందుకే ఈ పట్టికని ఎప్పుడూ సార్ట్ చేయకండి. తేదీల వరుసలో కావాలంటే ఇంకో షీట్‌లోకి తెచ్చుకుని చూసుకోండి. కొత్త పని చేర్చాలంటే అట్టడుగు వరుసకి పైన ఇన్‌సర్ట్ చేయండి, పరిధి తానే పెరుగుతుంది. కొత్త వరుసకి సరిగ్గా పైనున్న గడిలో మాత్రం పెరగదు, కాబట్టి జి5 సూత్రాన్ని కొత్త వరుస దాకా మళ్లీ కిందికి లాగండి. వాడని వరుసల్ని ఖాళీగా ఉంచకుండా తీసేయండి. రోజుల గడిలో సున్నా గానీ ఖాళీ గానీ ఉండకూడదు, ఉంటే ముగింపు కన్నా మొదలు ఒక రోజు తర్వాత చూపిస్తుంది.

రోజుల్ని కూడా చేత్తో వేయకుండా పరిమాణం నుంచి తెప్పించండి. టెంప్లేట్ అనిపించుకునేది అప్పుడే. 208 పేజీల పుస్తకం అంటే 16 పేజీల ఫారాలు 13. రోజుకి నాలుగు ఫారాలు నడిస్తే 3.25, =రౌండప్(13/4, 0) ఇస్తే నాలుగు రోజులు. వెయ్యి కాపీలు, రోజుకి 200 బైండింగ్ అయితే అయిదు రోజులు. డీటీపీ రోజుకి 20 పేజీలైతే 10.4, అంటే పదకొండు రోజులు. ఈ వేగాలు మీ ప్రెస్‌ని బట్టి మార్చుకోండి.

2026 డిసెంబరు 30 బుధవారానికి స్టాల్‌కి చేరాలని, 25 క్రిస్మస్ సెలవని వేసి చూద్దాం. అందజేత 30. విడిగా పెట్టుకున్న మూడు రోజుల వెసులుబాటు 26 నుంచి 29. బైండింగ్ అయిదు రోజులు 19 నుంచి 24. ప్రింటింగ్ 15 నుంచి 18. ప్లేట్లు 14. చివరి ప్రూఫు రెండు రోజులు 11, 12. రెండో ప్రూఫు మూడు రోజులు 8 నుంచి 10. మొదటి ప్రూఫు అయిదు రోజులు 2 నుంచి 7. డీటీపీ నవంబరు 19 నుంచి డిసెంబరు 1. అంటే రాతప్రతి నవంబరు 18 సాయంత్రానికి మీ చేతిలో ఉండాలి. రచయితకి చెప్పాల్సిన తేదీ అది కాదు, దానికి కనీసం వారం ముందుది. ఆ తేడాని కూడా ఒక పనిగా పట్టికలో పెట్టేయండి.

కవర్ దగ్గర చాలామంది పొరపడతారు. కవర్ లామినేషన్ రెండు రోజులు 17, 18, ప్రింటింగ్ 16, ఫైనల్ ఆర్ట్‌వర్క్ 15. ఈ ఆర్ట్‌వర్క్‌కి వెన్ను మందం కావాలి. వెన్ను మందం పేజీల సంఖ్య మీద, పేపరు బరువు చెప్పే జీఎస్‌ఎమ్ మీద ఆధారపడుతుంది. పేజీలు ఖాయమయ్యేది చివరి ప్రూఫు అయ్యాకే. కాబట్టి చివరి ప్రూఫుకి తర్వాతి పనులు రెండు: 14న మొదలయ్యే ప్లేట్లు, 15న మొదలయ్యే కవర్ ఆర్ట్‌వర్క్. మిన్ ఈ రెండిట్లో ముందు తేదీని పట్టుకుని ప్రూఫుని 12కి ముగించమంటుంది. ముఖచిత్రం బొమ్మ మాత్రం దేనికోసమూ ఆగక్కర్లేదు, దాన్ని విడి పనిగా రాయండి. వెనక అట్ట మీది బార్‌కోడ్ కోసం పుస్తకపు గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కూడా ఆర్ట్‌వర్క్‌కి ముందే చేతిలో ఉండాలి. దరఖాస్తు పెట్టడం మన పని, నంబరు రావడం మన చేతిలో లేని పని. రెండిటినీ ఒకే వరుసలో కలిపేయకండి.

సెలవుల పట్టీలో జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2, డిసెంబరు 25 లాంటివి ఏటా ఒకే తేదీకి వస్తాయి. ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి ఏటా మారతాయి, సంక్రాంతి మూడు రోజులూ ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. కాబట్టి ప్రభుత్వ సెలవుల జాబితా వచ్చిన రోజే వచ్చే ఏడాది తేదీలు చేర్చేయండి. డిసెంబరు గడువుల ధ్యాసలో పడి జనవరి సెలవులు వేయని పట్టీలు ఎన్నో. దసరాకి ఆయుధ పూజ రోజు యంత్రాలు ఆపే ప్రెస్సు అయితే అదీ వేయండి.

ప్రశ్న: గుంటూరులో ఇళ్ల కాంట్రాక్టులు చేస్తుంటాను. గృహప్రవేశం ముహూర్తం ఇచ్చి ‘ఆ రోజుకి అయిపోవాలండీ’ అంటారు. వెనక్కి లెక్కేసే షీట్ చేయించాను గానీ శ్లాబు దగ్గర తేదీలు తేడాగా వస్తున్నాయి. కారణం ఏమై ఉంటుంది?
– ఒక కాంట్రాక్టరు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ షీట్ కాంక్రీటుకి కూడా ఆదివారం సెలవు ఇస్తోంది. మేస్త్రీ పని దినాల్లో చేసేది వేరు, వాటంతటవి జరిగేవి వేరు. క్యూరింగ్ (కాంక్రీటుని తడిపి ఉంచడం), సెంట్రింగ్ కింద గడవాల్సిన రోజులు, ప్లాస్టరింగ్ ఆరడం, పుట్టీ ఆరడం ఇవన్నీ క్యాలెండరు రోజులు. సంక్రాంతికి కూలీలు ఊరెళ్లినా కాంక్రీటు గట్టిపడటం ఆగదు.

కాబట్టి ‘విరామం’ అని ఒక కాలమ్ చేర్చి, అందులో క్యాలెండరు రోజులు వేయండి. ఆ కాలమ్ హెచ్ అయితే, ముగింపు సూత్రంలో తర్వాతి పని మొదలు తేదీ వచ్చేచోట అందులోంచి హెచ్5 తీసేయాలి:
=వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(తర్వాతి మొదలు-హెచ్5, -1, 11, సెలవులు)

ఉదాహరణకి సపోర్టులు తీసే పని 2027 ఫిబ్రవరి 16 మంగళవారం మొదలవ్వాలి, మధ్యలో నిండా 14 రోజులు గడవాలి. ఈ సూత్రం ప్రకారం శ్లాబు ఫిబ్రవరి 1న పోయాలి. విరామాన్ని కూడా పని దినాలుగా వేస్తే జనవరి 29 వస్తుంది. ఒక శ్లాబుకి మూడు రోజులు వృథా. మధ్యలో సంక్రాంతి పడితే ఇంకో మూడు.

ఆ 14 ఎక్కడిదంటే, ఐఎస్ 456:2000 ప్రమాణంలో సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకి (ఓపీసీకి), 15 డిగ్రీలకి తగ్గని వాతావరణానికి ఇచ్చిన కనీస గడువు. శ్లాబు స్పాను (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపైతే సపోర్టులు 7 రోజులకి, అంతకు మించితే 14 రోజులకి తీయొచ్చు. బీముల కింద 6 మీటర్ల లోపైతే 14, మించితే 21. స్తంభాలకీ గోడలకీ పక్క పలకలు 16 నుంచి 24 గంటలకి. క్యూరింగ్ ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకి 10. ఎండ ముదిరినప్పుడు ఓపీసీకైనా 10కి తగ్గకూడదు, మిశ్రమ సిమెంటుకి 14 దాకా పెంచమని అదే ప్రమాణం అంటుంది. గుంటూరు మే నెలలో 7 రోజులతో సరిపెట్టే టెంప్లేట్ తప్పు టెంప్లేట్. సిమెంటు రకం, స్పాను ‘వివరాలు’ షీట్‌లో ఎంచుకునేలా పెట్టి విరామాన్ని సూత్రంతో తెప్పించండి. పీపీసీ వాడితే సపోర్టుల గడువు ఎంత పెంచాలో మీ స్ట్రక్చరల్ ఇంజనీరుతో అడిగి వేయించండి.

ముహూర్తం సంగతి ఇంకోలా కూడా చూడొచ్చు. ఇచ్చిన తేదీకి వెనక్కి లెక్కేయడం ఒకటి. ఇవాళ్టి నుంచి ముందుకి లెక్కేసి ఇల్లు ఎప్పటికి పూర్తవుతుందో తేల్చి, ఆ తర్వాత వచ్చే మొదటి ముహూర్తాన్ని ఎంచడం ఇంకొకటి. పంతులుగారు ఇచ్చిన ముహూర్తాల్ని ఒక కాలమ్‌లో వేసి, =మినిఫ్స్(ముహూర్తాలు, ముహూర్తాలు, ">="&పూర్తయ్యే తేదీ) అనండి. జవాబు సున్నా వస్తే పట్టీలో ఆ తర్వాత ముహూర్తమే లేదని అర్థం. ఆషాఢం ముందు చివరి ముహూర్తం తప్పితే శ్రావణం దాకా ఆగాలి కదా, ఆ మాట ఇంటివాళ్లకి ముందే చెప్పగలిగితే ఆఖరి నెలలో తగువులు తగ్గుతాయి.

కరెంటు మీటరు, నీటి కనెక్షన్ లాంటి ఆఫీసు పనులకి పని దినాలే. అయితే మీ క్యాలెండరు కాదు, వాళ్ల క్యాలెండరు.

ప్రశ్న: రెండో శనివారాలు ఆఫీసులకి, రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకి సెలవు. ఏడాది మొత్తానికి వీటిని చేత్తో ఏరుకోవాలా?
– ఒక అకౌంటెంట్, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. నెల మొదటి తేదీ ఎ2లో ఉంటే రెండో శనివారం:
=వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(ఎ2-1, 2, "1111101")
ఈ ఏడు అంకెలు సోమవారం నుంచి ఆదివారం దాకా. 1 అంటే సెలవు, 0 అంటే పని దినం. శనివారం ఒక్కటే పని దినం అని చెప్పి అందులో రెండోది అడుగుతున్నాం. నాలుగో శనివారానికి 2 బదులు 4. అంకెల చుట్టూ కోట్స్ తప్పకుండా ఉండాలి. బ్యాంకు సెలవుల్ని వేరే పట్టీగా ఉంచి, బ్యాంకు పని ఉన్న వరుసల్లో మాత్రమే ఆ పట్టీ పేరు వాడండి.

ప్రశ్న: మాది ఈవెంట్ల పని. పెళ్లి తేదీ వేయగానే సగం పనుల మొదలు తేదీలు ఇప్పటికే దాటిపోయినట్టు వస్తున్నాయి. అన్నీ ఎర్రగా కనిపిస్తే దేన్ని ముందు పట్టుకోవాలో తెలియడం లేదు.
– బెంజి సర్కిల్, విజయవాడ

జవాబు: వెనక్కి లెక్క ఒక్కటే ఉంటే అలాగే అవుతుంది. అది చెప్పేది ‘ఇంతకన్నా ఆలస్యం కుదరదు’ అన్న తేదీ మాత్రమే. ఏది నిజంగా మెడ మీదికి వచ్చిందో తెలియాలంటే ముందుకి లెక్క కూడా పక్కనే ఉండాలి. 1950ల చివర్లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీలవాళ్లు కలిసి తయారు చేసిన క్రిటికల్ పాత్ పద్ధతి మొత్తం ఈ రెండు లెక్కల తేడా మీదే నడుస్తుంది.

మొదటి జవాబులోని పట్టికకే మూడు కాలమ్‌లు చేర్చండి. హెచ్ లో ‘తొందరగా మొదలు’:
=వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(మ్యాక్స్(టుడే()-1, మ్యాక్సిఫ్స్(ఐ$1:ఐ4, సి$1:సి4, ఎ5), మ్యాక్సిఫ్స్(ఐ$1:ఐ4, డి$1:డి4, ఎ5)), 1, 11, సెలవులు)
ఐ లో ‘తొందరగా ముగింపు’:
=వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(హెచ్5-1, ఇ5, 11, సెలవులు)
ఈసారి వెతికేది పై వరుసల్లోనే. మ్యాక్సిఫ్స్ ఎక్సెల్ 2019 నుంచి ఉంది, గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. అయిపోయిన పనుల్ని ఈ పట్టికలోంచి తీసేయండి. లేకపోతే వాటినీ ఇవాళే మొదలుపెట్టినట్టు లెక్కేస్తుంది.

మూడోది వెసులుబాటు. నెట్‌వర్క్‌డేస్.ఐఎన్‌టీఎల్(హెచ్5, ఎఫ్5, 11, సెలవులు) రెండు చివరల్నీ కలిపి లెక్కపెడుతుంది, తేదీలు వెనకాముందైతే మైనస్ ఇస్తుంది. కాబట్టి వచ్చిన అంకెలోంచి దాని సైన్‌ని, అంటే సైన్ ఫంక్షన్ ఇచ్చే 1 లేదా -1ని, తీసేయాలి. 3 వస్తే 2 రోజుల వెసులుబాటు, -3 వస్తే 2 రోజుల లోటు, 1 వస్తే సున్నా. కండిషనల్ ఫార్మాటింగ్ ఈ కాలమ్ మీద పెట్టండి, మొదలు తేదీ మీద కాదు.

అప్పుడు అన్నీ ఎర్రబడవు. అన్నిటికన్నా పెద్ద లోటు ఒకే అంకెగా వరసగా కొన్ని పనుల్లో కనిపిస్తుంది. కోత పడాల్సింది ఆ గొలుసులోనే. హాలు, శుభలేఖలు, పంపకం ఒక గొలుసై అందులో ఆరు రోజుల లోటు ఉంటే, డెకరేషన్ వాళ్లని తొందరపెట్టి ఒరిగేదేమీ లేదు. శుభలేఖల పంపకానికి ఇచ్చిన రోజుల్ని పిలుపు దూరాన్ని బట్టి రెండుగా విడగొట్టొచ్చు. దూరం వాళ్లకి వాట్సాప్‌లో పంపే కార్డు ముందు, చేతికిచ్చేది తర్వాత. ఇలా ఒక పనిని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కని తర్వాతి పనితో కలిపి నడపడమే చాలాసార్లు చవకైన మార్గం. మనుషుల్ని పెంచడం పంచుకోగలిగే పనికే పనికొస్తుంది. డిజైనర్లు ఇద్దరైతే ఒక కార్డు సగం రోజుల్లో రాదు. చివర్లో ఉంచుకున్న వెసులుబాటు రోజుల్ని మాత్రం అన్నిటికన్నా ఆఖరున ముట్టుకోండి. చాలామంది మొదట దాన్నే మింగేస్తారు.

మీ రంగంలో ఇంకో తేడా ఉంది. పూలు, కూరగాయలు, వంట సరుకులో కొన్ని నిజంగానే ఆఖరి తేదీకే తేవాలి. వాటికి వెనక్కి లెక్కలో వచ్చిన తేదీయే అసలు తేదీ. మిగతా అన్నిటికీ అది ప్రమాద ఘంటిక మాత్రమే, తొందరగా మొదలు తేదీకే పని పట్టండి. ఏ వరుస ఏ రకమో ఒక కాలమ్‌లో గుర్తు పెట్టి, పనివాళ్లకి పంపే జాబితాలో దానికి తగ్గ తేదీ వచ్చేలా ఇఫ్ రాసుకోండి.

ప్రశ్న: మిర్చి ఎగుమతికి ఓడ తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తాం. సరుకు, కాగితాలు అందాల్సిన ఆఖరి గడువులు, అంటే కటాఫ్‌లు గంటల్లో ఉంటాయి, మా షీట్‌లో రోజులే వస్తాయి. ఏం చేయాలి?
– ఒక ఎగుమతిదారు, గుంటూరు

జవాబు: గడువు ఓడ బయల్దేరే తేదీ కాదు. కంటైనరు లోపలికి చేరాల్సిన కటాఫ్, షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ కటాఫ్, తూకం వివరాల కటాఫ్ మూడు విడి గడులు. 2016 జులై 1 నుంచి తూకం ధ్రువీకరణ లేని కంటైనరును ఓడలోకి ఎక్కించరు. ఒక్కో కటాఫ్‌కి ఒక్కో గొలుసు కట్టండి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న పని దగ్గర మిన్ తానే చూసుకుంటుంది.

గంటల విషయానికొస్తే, వర్క్‌డే ఫంక్షన్లు సమయాన్ని కోసేస్తాయి. ఉదయం 10కి కటాఫ్ ఉన్నా ఆ రోజంతా మీ చేతిలో ఉన్నట్టే లెక్కేస్తాయి. కటాఫ్ గడి బి2 అయితే గడువుగా దీన్ని వాడండి:
=ఇంట్(బి2)-ఇఫ్(మాడ్(బి2,1)<0.5, 1, 0)
0.5 అంటే మధ్యాహ్నం 12. అంతకు ముందైతే ముందు రోజే గడువు అవుతుంది. చెన్నై దాకా లారీ వెళ్లే సరుకైతే 0.5 బదులు ఇంకా పెంచుకోవచ్చు.

ఫ్యూమిగేషన్ (పురుగు పోయేలా మందు పొగ పెట్టడం), ఆ తర్వాత గాలి ఆడనివ్వడం క్యాలెండరు విరామం. స్పైసెస్ బోర్డు నమూనా తీసుకోవడం, గుంటూరు ల్యాబ్ నుంచి అఫ్లటాక్సిన్ (బూజు విషం) నివేదిక రావడం రెండు వేరు వేరు వరుసలు. మిర్చి యార్డుకి వేసవిలో ఇచ్చే సెలవుల్ని కొనుగోలు వరుసకి మాత్రమే వేయండి. సరుకు కోల్డ్ స్టోరేజీలోంచి తెస్తే ఆ పట్టీ వర్తించదు.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ‘షెడ్యూల్ ఫ్రమ్: ప్రాజెక్ట్ ఫినిష్ డేట్’ పెడితే ఇదంతా ఒక్క నొక్కుతో అయిపోతుంది కదా? ఎక్సెల్‌తో ఈ తిప్పలెందుకు?
– ఒక ప్రాజెక్ట్ ఇంజనీరు, మంగళగిరి

జవాబు: అవుతుంది, కానీ అందులోనే ఉండిపోవద్దు. అలా పెట్టినప్పుడు కొత్తగా చేర్చే పనులన్నీ ‘యాజ్ లేట్ యాజ్ పాసిబుల్’ అవుతాయి. ప్రతి పనీ ఆఖరి క్షణానికి నెట్టుకుపోతుంది, ఒక్కటి జారినా గడువు జారుతుంది. మధ్యలో ఒక తేదీ కొట్టినా, గీతని మౌస్‌తో జరిపినా ఆ పనికి ఒక తేదీ బిగింపు, అంటే కాన్‌స్ట్రెయింట్ అంటుకుంటుంది. టెంప్లేట్‌ని పది ప్రాజెక్టులకి వాడాక అవి ఎక్కడెక్కడ దాక్కున్నాయో వెతకడం పెద్ద తలనొప్పి. ‘కాన్‌స్ట్రెయింట్ టైప్’ కాలమ్ తెచ్చి చూస్తే బయటపడతాయి.

మెరుగైన దారి ఇది. ప్రాజెక్టును మొదలు తేదీ నుంచే నడపండి. చివరి పని ‘డెడ్‌లైన్’ గడిలో మాత్రం గడువు వేయండి. ఆ తర్వాత ‘లేట్ స్టార్ట్’, ‘లేట్ ఫినిష్’, ‘టోటల్ స్లాక్’ (వెసులుబాటు) కాలమ్‌లు తెచ్చుకోండి. వెనక్కి లెక్క వాటిలో ఉంటుంది, ముందుకి లెక్క మామూలు కాలమ్‌లలో ఉంటుంది. గడువు దాటితే స్లాక్ మైనస్‌లోకి వెళ్తుంది, పక్కన ఎర్ర గుర్తు వస్తుంది.

క్యాలెండరు ముందే దిద్దండి. ప్రామాణిక క్యాలెండరులో శనివారం సెలవు. ‘చేంజ్ వర్కింగ్ టైమ్’లో శనివారాన్ని పని దినం చేయడం అందరూ చేస్తారు, ఆప్షన్స్‌లో వారానికి గంటలు 40 నుంచి 48కి, నెలకి రోజులు 20 నుంచి 26కి మార్చడం మరిచిపోతారు. అప్పుడు ‘ఒక వారం’ అని కొట్టిన పని అయిదు రోజులకే ముగుస్తుంది. క్యూరింగ్ లాంటి విరామాల్ని ల్యాగ్‌లో ‘ఇడి’ అక్షరాలతో, అంటే ఎలాప్స్‌డ్ డేస్‌గా వేయండి. 7ఇడి అంటే ఏడు క్యాలెండరు రోజులు. అన్నీ దిద్దాక ఫైల్‌ని ప్రాజెక్ట్ టెంప్లేట్ రకంగా సేవ్ చేసుకోండి.

ప్రశ్న: గూగుల్ షీట్‌లో తేదీలు బాగానే వస్తున్నాయి. ఎవరి పని ఎప్పుడో వాళ్లకి దానంతటదే మెయిల్ వెళ్లాలి, క్యాలెండరులో పడాలి. ఒకసారి చేసి చూస్తే అన్నీ రెండేసి పడ్డాయి, ప్రతి పనికీ అసలు తేదీకి ముందు రోజు పడింది.
– ఒక డిగ్రీ కళాశాల ఉత్సవ కమిటీ, గుంటూరు

జవాబు: రెండు జబ్బులూ మామూలువే. తేదీ జరగడానికి కారణం టైమ్‌జోన్. షీట్ సెట్టింగ్స్‌లో ఒకటి, మెయిల్, క్యాలెండరు పని చేసే యాప్స్ స్క్రిప్ట్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఇంకొకటి ఉంటాయి. సమయం లేని తేదీ అంటే అర్ధరాత్రి 12. స్క్రిప్ట్ అమెరికా టైమ్‌జోన్‌లో ఉంటే మన అర్ధరాత్రి అక్కడ ముందు రోజవుతుంది. రెండు చోట్లా ఆసియా/కోల్‌కతా పెట్టండి.

రెండేసి పడటానికి కారణం, స్క్రిప్ట్ నడిచిన ప్రతిసారీ కొత్త ఈవెంట్ పెట్టడం. ప్రతి వరుసకీ ‘ఈవెంట్ ఐడీ’ అని ఒక కాలమ్ ఉంచండి. ఆ గడి ఖాళీగా ఉంటే కొత్తది పెట్టి ఐడీ రాయాలి. నిండి ఉంటే ఆ ఐడీతో పాత ఈవెంట్‌ని తెచ్చి తేదీ మార్చాలి. టెంప్లేట్‌ని కొత్త ఉత్సవానికి కాపీ చేసినప్పుడు ఈ కాలమ్ మొత్తం చెరిపేయాలి. చెరపకపోతే కొత్త తేదీలు పోయిన ఏడాది ఈవెంట్ల మీద పడతాయి.

మెయిల్‌కి ట్రిగ్గర్స్‌లో ‘టైమ్ డ్రివెన్’, ‘డే టైమర్’, ఉదయం 7 నుంచి 8 మధ్య ఎంచుకోండి. స్క్రిప్ట్ ఒక్కో వరుసకి ఒక్కో మెయిల్ పంపకుండా, మొదలుకి ఏడు రోజులున్నవి, రెండు రోజులున్నవి, లోటులో ఉన్నవి మనిషి వారీగా పోగేసి ఒకే మెయిల్ పంపాలి. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి స్క్రిప్ట్ ద్వారా రోజుకి 100 మంది గ్రహీతలకే వీలవుతుంది, స్క్రిప్ట్ ఒకసారికి ఆరు నిమిషాలకి మించి నడవదు. ఎనభై మంది వాలంటీర్లకి రోజూ అన్నీ పంపితే మూడో రోజుకి ఎవరూ తెరవరు, అది వేరే సంగతి.

వాట్సాప్ కావాలంటే నేరుగా పంపడానికి బిజినెస్ ఏపీఐ కావాలి. అంత ఖర్చు వద్దనుకుంటే హైపర్‌లింక్ ఫంక్షన్‌తో వాట్సాప్ లింకు తయారు చేసి, సందేశాన్ని ఎన్‌కోడ్‌యూఆర్ఎల్‌లో పెట్టండి. తెలుగు సందేశం కూడా సరిగానే వెళ్తుంది. పంపే నొక్కు మాత్రం కన్వీనర్ నొక్కాలి.

ప్రశ్న: అన్నీ మీరు చెప్పినట్టే చేశాను, #వాల్యూ! అని వస్తోంది.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఎక్కువగా సెలవుల పట్టీలో 14.01.2027 అని చుక్కలతో కొట్టిన తేదీ ఉంటుంది. అది తేదీ కాదు, అక్షరాలు. పక్క కాలమ్‌లో =ఈజ్‌నంబర్(ఎ2) వేసి కిందికి లాగండి, ఫాల్స్ వచ్చిన ప్రతి గడినీ మళ్లీ కొట్టండి. ఎర్రర్ వచ్చేది ఒక రకంగా మేలే. 05-06-2027 అని కొట్టినప్పుడు షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే జూన్ 5 కాస్తా మే 6 అయి కూర్చుంటుంది, ఏ ఎర్రరూ రాదు. గూగుల్ షీట్స్‌లో ఫైల్, సెట్టింగ్స్, లొకేల్‌లో ఇండియా ఎంచండి. ఎక్సెల్‌లో అది విండోస్ రీజియన్ సెట్టింగ్ నుంచి వస్తుంది. తేదీల గడుల ఫార్మాట్‌ని నెల పేరు అక్షరాల్లో కనపడేలా పెట్టుకుంటే తప్పు కంటితోనే దొరుకుతుంది.